తాళాలు లోపలే ఉన్నాయి

"ముందు ఆ ఫ్యాను ఆపండి," అంది గుమ్మంలో నిలబడ్డ ఆవిడ. పేరు చెప్పలేదు, కూర్చోలేదు, వచ్చిన పనేమిటో కూడా చెప్పలేదు.

నడి వేసవి. పొద్దున్న తొమ్మిదింటికే గోడలు సెగలు కక్కుతున్నాయి. మరిది ఏదో అనబోయి, వదిన కనుసైగ చూసి, బుద్ధిగా లేచి ఫ్యాను ఆపాడు. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆవిడ గడప దాటలేదు. కుడిచేతిని ఒంటికి దూరంగా, పక్కింటివాళ్ళ పసిబిడ్డని మోస్తున్నట్టు ఎత్తి పట్టుకుంది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా తడిగుడ్డ వదులుగా చుట్టి ఉంది.

"గాలి తగిలినా మంటేనా?" అని అడిగింది వదిన.

"గాలి తగిలితే కత్తితో గీసినట్టుంటుందండి. ఆ మాట నమ్మి ఫ్యాను ఆపిన మనుషులు ఈ తొమ్మిది రోజుల్లో మీరే," అని ఆవిడ అప్పుడు కూర్చుని, కూర్చున్నాక ఏడ్చింది.

వదిన ఆవిడ ఏడుపు తీరేదాకా ఆగింది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి వదిన అనే పిలుస్తారు. ఇరవయ్యారేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా దొంగ తూకాలు పట్టుకుని పట్టుకుని, దొంగ మాటలు పట్టుకోవడం ఇంకా సులువని తెలుసుకుని, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. నిజానికి ఆవిడ ఒక్కరికే వదిన. పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో మూసేసి ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరిన ఈ మరిదికి. నలభై ఏళ్ళ మనిషి రోజుకి వందసార్లు "వదినా" అంటూ వెంట తిరుగుతుంటే ఆ పిలుపు క్లయింట్లకీ, పోలీసులకీ, ఆఖరికి ఆవిడ పట్టించిన దొంగలకీ అలవాటైపోయింది.

వచ్చినావిడ దర్జీ. రెండేళ్ళ కింద కుట్టుమిషను సూది చూపుడువేల్లోకి దిగింది. గాయం నెల తిరక్కుండా మానింది. నొప్పి మానకపోగా వేలి నుంచి అరచేతికి, అరచేతి నుంచి మణికట్టుకి పాకింది. నరాలు చెడ్డాయని డాక్టర్లు తేల్చారు. మాత్రలన్నీ మింగింది, ఏదీ పనిచెయ్యలేదు. ఇలా ఉండగా ఊరి చివర పరిశోధనా కేంద్రంలో ఒక అడవి తీగ గింజల నుంచి తీసిన ప్రోటీన్‌ని నొప్పులకి పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్ళింది. తీసుకున్న ఆరుగురిలో ఆవిడ ఒకతె. రోజూ పొద్దున్నే చిన్న ఇంజెక్షన్. మూడో రోజుకి సూదిలో దారం ఎక్కించింది. రెండు నెలలు తన చెయ్యి తనదే అన్నట్టు బతికింది.

తొమ్మిది రోజుల కింద నొప్పి తిరిగొచ్చింది. తిరిగొచ్చిందనడం కూడా తక్కువే, మందు మొదలుపెట్టక ముందుకన్నా ఎక్కువైంది. మిగతా ఐదుగురూ నిక్షేపంలా ఉన్నారు.

"అక్కడి పెద్ద డాక్టరుగారు ఇదంతా నా భ్రమ అంటారు. మా ఆయన బస్సు కండక్టరండి. టిక్కెట్టు తీసుకున్నామని బొంకేవాళ్ళని చూసీ చూసీ ఎవరేం చెప్పినా అబద్ధమే అనుకుంటాడు. రేపు తొమ్మిదింటికి ఆపరేషన్. నరం కోసేస్తారు. నొప్పి పోతుంది, స్పర్శ కూడా పోతుంది. ఇంక ఈ చేత్తో గుండీ కూడా కుట్టలేను. అయినా సంతకం పెట్టేశాను, భరించలేక." ఆవిడ గొంతు తగ్గించింది. "నా మందు ఎవరో మార్చారు వదినగారూ. అది తేలితే చెయ్యి ఉంచుకుంటాను. తేలకపోతే రేపు బల్ల ఎక్కుతాను."

"ఎవరి మీద అనుమానం?"

"నర్సు మీద. ఆవిడ కోటు నేనే కుట్టాను, బిగుతైంది."

మరిది నవ్వు ఆపుకున్నాడు. వదిన మాత్రం ఆ విషయం కూడా కాగితం మీద రాసుకుంది. తర్వాత ఇంజెక్షన్ ఎలా ఇస్తారో మొదటి నుంచి చివరిదాకా చెప్పమంది. దర్జీ ఆవిడ కుట్టుపని చెప్పినంత వివరంగా చెప్పింది. మొదట్లో నర్సు సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించేది. ఊపితే నురగ వస్తుందట, వస్తే తగ్గేదాకా ఆగాలట. ఒకసారి తొందరలో ఊపేసి పావుగంట కూర్చోబెట్టింది కూడా. ఇప్పుడా గొడవ లేదు. ఆరు రోజులుగా పెద్ద డాక్టరుగారే లోపలి గదిలో సిరంజి నింపి పంపుతున్నారు.

"ఆయన మంచివారేనండి, పాపం. అప్పణ్ణుంచీ రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఇంటికొస్తున్నారు. చేతి మీద దూదితో రాసి, మెత్తటి బ్రష్షుతో రాసి, నొప్పి పదిలో ఎంతో చెప్పమంటారు. నేను చెప్పింది పుస్తకంలో రాసుకుంటారు. ఇదంతా భ్రమమ్మా అని ధైర్యం చెప్పి వెళ్తారు."

"రోజూ రాసుకుంటారా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదు."

వదిన కలం కింద పెట్టింది. ఆవిడ కలం కింద పెట్టిందంటే ఏదో దొరికినట్టే, కానీ ఏం దొరికిందని అడిగితే చెప్పదు. ఆ సంగతి తెలిసిన మరిది అడగడం మానేసి చెప్పులేసుకున్నాడు.

పరిశోధనా కేంద్రం ఒకప్పుడు బడి. తరగతి గదుల్లో నల్లబల్లలు ఇంకా అలాగే ఉన్నాయి. వరండా పొడుగునా తీగ గింజల బస్తాలు, నానబెట్టిన గింజల పచ్చివాసన. వాళ్ళని మొదట కలిసింది చిన్న డాక్టరు. ముప్ఫై ఏళ్ళుంటాయి, మాట్లాడుతూనే సుద్దముక్క తీసుకునే అలవాటు. గింజల్ని రుబ్బి, పిండి, ప్రోటీన్‌ని వేరుచేసే పని ఆవిడది. అది నొప్పినెలా తగ్గిస్తుందో చెప్పమని వదిన అడిగితే నల్లబల్ల మీద ఒక తలుపు గీసింది.

"ఒంట్లో నరాల చివర ఇలాంటి తలుపులుంటాయి. వాటిని గ్రాహకాలంటాం. గంజాయి మొక్కలో ఉండే పదార్థం కొట్టేది ఈ తలుపుల్నే, అందుకే వీటికి కన్నబినాయిడ్ గ్రాహకాలని పేరొచ్చింది. మన ఒళ్ళు కూడా ఇవి తెరుచుకునే పదార్థం కొంచెం కొంచెం తయారుచేసుకుంటుంది. తలుపు తెరుచుకుంటే నొప్పి కబురు మెదడుకి తక్కువగా వెళ్తుంది. మా ప్రోటీన్ కూడా ఈ తలుపే తెరుస్తోందని మా నమ్మకం. మత్తు మాత్రం లేదు."

"నమ్మకమేనా? రుజువు లేదా?"

"దానికి దారి ఉంది. ఈ తలుపుని మూసేసే మందు వేరే ఉంది. అది ఇచ్చాక ప్రోటీన్ పనిచెయ్యడం మానేస్తే, పనిచేసేది ఈ తలుపు ద్వారానే అని తేలుతుంది. రెండో దశలో, రోగి ఒప్పుకుంటే, ఒక్కరోజు మాత్రం ఇచ్చి చూస్తాం. దానికి అనుమతి ఇంకా రాలేదు." స్టోరులో వాళ్ళకి అర్థమయ్యేందుకు తనే పేర్లు పెట్టానని నవ్వుతూ చెప్పింది. తెరిచే ప్రోటీన్ తాళంచెవి, మూసేసే మందు తాళం. సీసాల మీద అంకెలే ఉంటాయి, పేరు ట్రే మీద రాసుంటుంది.

"తలుపు మూసేస్తే, ఒళ్ళు సొంతంగా తయారుచేసుకునేది కూడా పనిచెయ్యదు కదా?"

చిన్న డాక్టరు ఆవిడకేసి కొత్తగా చూసింది. "చెయ్యదు. నొప్పి మందు లేనప్పటికన్నా పెరగొచ్చు."

ఒక్కో రోగి మందు సీసాలకి ఒక్కో పెట్టె ఉంది. దర్జీ ఆవిడ పెట్టెలో ఆఖరిసారి కొత్త సీసాలు పెట్టిందెవరని వదిన అడిగింది. తన తల్లి జారిపడితే వారం రోజులు సెలవులో వెళ్ళానని, పెట్టె ఖాళీ అవుతుందని గుర్తొచ్చి దారిలోంచే స్టోరుకి ఫోన్ చేశానని చిన్న డాక్టరు చెప్పింది. "దర్జీ ఆవిడ పెట్టెలో తాళాలు పది పెట్టమని చెప్పాను. స్టోరమ్మ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, ఒక్క పొరపాటు చెయ్యదు."

స్టోరమ్మ కూడా ఆ మాటే అంది. చీరకొంగు దోపి, నడుముకి గుత్తి కట్టుకుని తిరిగే మనిషి. చదువు అయిదో తరగతే అయినా చిన్న డాక్టరు నేర్పిన మాటలన్నీ తడుముకోకుండా వాడతానని ఆవిడకి గర్వం. "చిన్నమ్మగారు తాళాలు పెట్టమన్నారు, తాళాలే పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టి మరీ పెట్టాను," అని చేతులు జోడించింది.

నర్సు ముఖం గంటు పెట్టుకునే వచ్చింది. కోటు నిజంగానే భుజాల దగ్గర పీక్కుపోతోంది. ఆ కోటు వేసుకుంటే ఊపిరాడదనీ, అంతమాత్రాన తన కోపం మందులో కలిపే రకం కాదనీ ముందే చెప్పేసింది.

"కొత్త సీసాలు వచ్చాక మొదటి మూడు రోజులూ నింపింది నువ్వేనా?"

"నేనేనండి. ఆ మూడు రోజులూ చుక్క నురగ రానివ్వలేదు. నా చెయ్యి అంత తిరిగింది. మూడో రోజు సార్‌తో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆయన మెచ్చుకుని, ఆవిడ గొడవ నీకెందుకు, ఇకనుంచి నేను నింపుతాలే అన్నారు."

పెద్ద డాక్టరు తెల్లని జుట్టు, నెమ్మదైన మాట ఉన్న పెద్దమనిషి. ఇరవై ఏళ్ళ కింద ఆ తీగని అడవిలో చూసింది ఆయనే. బల్ల మీద, కేంద్రానికి డబ్బిచ్చే బోర్డు నుంచి వచ్చిన ఉత్తరం తెరిచి ఉంది. మందు పనిచేస్తోంది సరే, ఎలా పనిచేస్తోందో నెలాఖరులోగా చూపించకపోతే కేంద్రం మూసేస్తామని అందులో ఉంది. రెండో దశకి అనుమతి రావాలంటే ఏడాది పడుతుందట. ఇరుకున పడ్డామని ఆయన దాచకుండా చెప్పాడు. దర్జీ ఆవిడ సంగతి ఎత్తితే మాత్రం జాలిగా నవ్వాడు.

"మనసు నిలకడ లేని మనిషమ్మా. నొప్పి తగ్గిందంటుంది, పెరిగిందంటుంది. ఆవిడ మాట మీద ఆధారపడలేం."

"రేపు ఆపరేషనని తెలుసా మీకు?"

"తెలుసు. వద్దనడానికి నేనెవరిని?"

సీసాలు ఉండే చల్లగది చూస్తామంది వదిన. స్టోరమ్మ తలుపు తెరిచి, మూసుకోకుండా అడుగున చెక్కముక్క పెట్టింది. లోపలి పిడి ఏడాదిగా పనిచెయ్యడం లేదని, ఆ చెక్క కదపొద్దని హెచ్చరించి, ఎవరో పిలిస్తే వెళ్ళింది. మరిది కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ అరల ఫోటోలు తీశాడు. అతని మడమ తగిలి చెక్కముక్క వరండాలోకి జారింది. తలుపు మెత్తగా మూసుకుని క్లిక్కుమంది.

"వదినా," అన్నాడు మరిది నీరసంగా.

"చూశాను," అంది వదిన.

ఇనప గోడలు, ఒక బల్బు, నోట్లోంచి పొగ. మరిది పిడి తిప్పాడు, తలుపు బాదాడు, కేకలేశాడు. గోడలు ఎంత మందమంటే అతని కేకలు అతనికే తిరిగొచ్చాయి. పది నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోయాయి. లోపల తామున్నామని బయట ఎవరికీ గుర్తుండదేమోనన్న ఆలోచన వచ్చేసరికి అతనికి నిజంగా భయం వేసింది. వదిన చీరకొంగు భుజాల చుట్టూ కప్పుకుని కదలకుండా నిలబడింది. దర్జీ ఆవిడ తొమ్మిది రోజులుగా ఇలాంటి గదిలోనే ఉందని, ఎంత అరిచినా బయటివాళ్ళు అసలు గదే లేదంటున్నారని ఆవిడకి అనిపించింది. అనిపించగానే ఒళ్ళు మండింది.

చివరికి బయట అడుగుల చప్పుడు, తలుపు సందులోంచి చిన్న డాక్టరు గొంతు వినిపించాయి. "అయ్యో, లోపలుండిపోయారు. స్టోరమ్మా, తాళాలేవి? తాళాలు తీసుకురా, తొందరగా."

"తాళాలు లోపలే ఉన్నాయి కదమ్మా," అంది స్టోరమ్మ గొంతు.

"లోపల పెట్టి తలుపెలా వేశావు?"

"ఎప్పుడూ లోపలే కదమ్మా పెట్టేది? బయట పెడితే పాడైపోవూ?"

మరిది తల పట్టుకుని, ఇంక మన పని అయిపోయింది వదినా అన్నాడు. వదిన వినడం లేదు. ఎదురుగా రెండు అరలు, రెండు ట్రేలు. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 'తాళంచెవులు' అని, రెండోదాని మీద 'తాళాలు' అని రాసి ఉన్నాయి. తాళాల ట్రేలో పది గూళ్ళు ఖాళీ.

బయట కాసేపు గందరగోళం నడిచింది. తర్వాత స్టోరమ్మ, "చెవులా మీకు కావలసింది? చెవులని అడగొచ్చు కదమ్మా, అవి నా నడుముకే ఉన్నాయి," అంటూ తలుపు తెరిచింది. వేడిగాలి ముఖాన కొట్టింది. మరిది వరండాలో ఎండలో చతికిలబడిపోయాడు. వదిన మాత్రం గడప మీదే నిలబడి, అందర్నీ మూడింటికి పై తరగతి గదికి రమ్మని, దర్జీ ఆవిణ్ణీ ఆవిడ భర్తనీ కూడా పిలిపించమని చెప్పింది.

మూడింటికి అందరూ వచ్చారు. ఫ్యాను ఆపేయడంతో గది ఉడికిపోతోంది. దర్జీ ఆవిడ కిటికీకి దూరంగా కూర్చుంది. పక్కన కండక్టరు, డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు కాబట్టి యూనిఫాంలోనే ఉన్నాడు. నర్సు గోడకానుకుంది. పెద్ద డాక్టరు సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

వదిన బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. ఒకటి చెవుల ట్రేలోది, రెండోది దర్జీ ఆవిడ పెట్టెలో మిగిలిన ఆఖరిది. రెంటినీ మరిది చేతికిచ్చి ఊపమంది. మొదటి సీసా మెడదాకా తెల్లగా నురగొచ్చింది. రెండోదాంట్లో రెండు బుడగలు లేచి మాయమయ్యాయి.

"ప్రోటీన్ ఉన్న నీళ్ళు ఊపితే నురగొస్తుంది, ఉడుకుతున్న పప్పు మీద వచ్చినట్టే," అంది వదిన. "దర్జీ ఆవిడ పెట్టెలో సీసాకి నురగ లేదు. తొమ్మిది రోజులుగా ఈవిడ ఒంట్లోకి వెళ్తున్నది ప్రోటీన్ కాదు, తలుపు మూసేసే మందు. నొప్పి ముందుకన్నా ఎక్కువైందని ఈవిడ చెప్పిన మాట అక్షరాలా నిజం."

చిన్న డాక్టరు పాలిపోయింది.

"నేను చెవులే పెట్టమన్నాను," అంది.

"ఏ మాట అన్నారో గుర్తుచేసుకోండి. నాతో చెప్పినప్పుడు తాళాలు పెట్టమన్నానన్నారు. చల్లగది దగ్గర కూడా తాళాలే తెమ్మన్నారు. మీ ఇంట్లో, మా ఇంట్లో, ఎవరింట్లోనైనా తాళాలు ఇవ్వు అంటే గుత్తి ఇస్తారు. ఇక్కడ మాత్రం మీరే ఆ మాటకి వేరే అర్థం పెట్టి, ట్రే మీద రాసి, స్టోరమ్మకి వల్లె వేయించారు. వాళ్ళమ్మ జారిపడిందన్న కంగారులో ఉన్న మనిషి నోటికి ఇంటి మాటే వస్తుంది. మీరు ఇంటి మాట మాట్లాడారు, ఈవిడ ఆఫీసు మాట విన్నది. రెండో దశ మొదలైందేమో అనుకుంది. అవునా?"

స్టోరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తలూపింది. ఇరవై ఏళ్ళలో ఒక్క పొరపాటు చెయ్యలేదని వెక్కుతూ అంది. ఇప్పుడు కూడా చెయ్యలేదని, చెప్పిన మాటే చేసిందని వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంతవరకూ ఎవరిదీ నేరం కాదు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ ఒకే మాట చెప్పారు, అందుకే పొరపాటు ఎవరి కళ్ళా పడలేదు. మూడో రోజున ఒకరి కళ్ళ పడింది. పడ్డాక జరిగింది నేరం."

నర్సు గోడ నుంచి ఇవతలకి వచ్చింది. "నురగ రావట్లేదని నేను సార్‌తో..." అని మధ్యలోనే ఆగిపోయింది.

"నీ చెయ్యి తిరగడం వల్ల నురగ రాలేదనుకున్నావు. ఆయన అలా అనుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రోటీన్‌తో కాపురం చేస్తున్న మనిషికి నురగ రాలేదంటే ఏమిటో తెలియదా? మర్నాటి నుంచి సిరంజి తనే నింపడం మొదలుపెట్టారు, సీసా మళ్ళీ నీ చేతిలో పడకుండా. ఆ మర్నాటి నుంచే ఈవిడ ఇంటికి వెళ్ళడం కూడా మొదలైంది."

రోగిని పరామర్శించడం నేరమా అని పెద్ద డాక్టరు అడిగాడు.

"నేను ఇరవయ్యారేళ్ళు తక్కెడలు చూశానండి," అంది వదిన. "తక్కెడ అబద్ధం చెబుతోందని తెలిసినవాడు దాంట్లో రోజూ తూచి, గ్రాము తేడా లేకుండా రాసుకోడు. ఈవిడ మాట మీద ఆధారపడలేమన్నారు మీరు. మరి రోజూ నాలుగింటికి వెళ్ళి, ఆ మాటే అంకెల్లో ఎందుకు రాసుకున్నారు? ఆ సంచీలో పుస్తకం ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. చిన్న డాక్టరు లేచి వెళ్ళి, "ఇవ్వండి సార్," అంది. అప్పుడు ఇచ్చాడు.

పుస్తకంలో గీత తీసినట్టు గళ్ళు. మొదటి మూడు రోజుల గళ్ళలో నర్సు రోజువారీ చీటీల్లోంచి ఎత్తిన మాటలు. నాలుగో రోజు నుంచి అంకెలు: ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. ప్రతి గడి పైనా 'తాళం' అని ఉంది. ఇవాళ్టి గడి నాలుగింటి కోసం ఆగి ఉంది. పదో గడి కూడా ఖాళీ, దాని పైన 'తాళంచెవి' అని ముందే రాసి ఉంది.

"ఈవిడ ఒప్పుకోలేదు, అనుమతి రాలేదు, ఒక్కరోజు అన్నది తొమ్మిదైంది," అంది వదిన.

పెద్ద డాక్టరు ఇంక దాచలేదు. దాచే ఓపిక ఆయనకీ అయిపోయినట్టుంది. నేను మార్చలేదమ్మా అన్నాడు మొదట. నా చేతికి అదే వచ్చిందన్నాడు. కేంద్రం మూసేస్తే తీగా ఉండదు, మందూ ఉండదు, నొప్పితో బతికే వేలమందికి దారీ ఉండదని చెప్పాడు. ఆ ప్రోటీన్ ఆ తలుపు ద్వారానే పనిచేస్తుందని చూపించే రుజువు ఈవిడ ఒక్కదాని చేతిలో దొరికింది, ఆపలేకపోయానన్నాడు. ఆపేశాక పొరపాటని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే అంతటితో అన్నీ ఆగిపోతాయి. ఒక్కో రోజూ ఇంకొక్క రోజే అనుకున్నాడు.

"రేపు ఏడింటికి అసలు మందు ఇచ్చి, ఆపరేషన్ మానుకోమని చెబుదామనే అనుకున్నాను. తగ్గితే ఆవిడే మానుకునేది."

"ఎంతసేపట్లో తగ్గేది?" అని వదిన చిన్న డాక్టరుని అడిగింది.

"తాళం ఒంట్లోంచి పోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది," అంది చిన్న డాక్టరు. "ఏడింటికి ఇస్తే తొమ్మిదింటికి ఏమీ తగ్గదు. ఆ సంగతి సార్‌కి నాకన్నా బాగా తెలుసు."

దర్జీ ఆవిడ లేచింది. చెయ్యి అలాగే దూరంగా పట్టుకుని పెద్ద డాక్టరు ముందుకి వెళ్ళి నిలబడింది. ఆవిడ కేకలేస్తుందనుకున్నాడు మరిది. ఆవిడ నెమ్మదిగానే మాట్లాడింది.

"మా ఆయన నమ్మలేదు. నర్సు నమ్మలేదు. ఆఖరికి నన్ను నేనే నమ్మడం మానేశాను, పిచ్చెక్కిందేమో అనుకున్నాను. నేను తొమ్మిదంటే నిజంగా తొమ్మిదేనని ఈ ఊళ్ళో నమ్మింది మీరొక్కరే. నమ్మి రాసుకుని, నా ముఖం మీదే భ్రమన్నారు. మీరు నమ్మకపోయినా ఇంత బాధుండేది కాదు."

ఆవిడ జవాబు కోసం ఆగకుండా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పుస్తకాన్ని మందు పరీక్షల మీద నిఘా పెట్టే సంఘానికి, అక్కణ్ణుంచి పోలీసులకి తనే స్వయంగా అందజేస్తానని చిన్న డాక్టరు చెప్పింది. ఫోన్లో తనన్న మాట కూడా అందులో రాస్తానంది. స్టోరమ్మ తనూ సంతకం పెడతానంది. సరైన మందు సంఘం వాళ్ళ ఎదుటే, సీసా ఊపి చూపించి ఇవ్వాలని నిర్ణయమైంది. అది పనిచేసేదాకా ఇంకా మూడు రోజులు ఈ నొప్పి తప్పదని చిన్న డాక్టరు కళ్ళు దించుకుని చెబితే, దర్జీ ఆవిడ లెక్కలోకి తీసుకోనట్టే తలూపింది. ఎందుకొచ్చిందో, ఎప్పుడు పోతుందో తెలిసిన నొప్పిని తను భరించగలనంది.

కండక్టరు జేబులోంచి ఫోన్ తీశాడు. ఆసుపత్రి నంబరు నొక్కి, రేపటి ఆపరేషన్ వద్దని చెప్పాడు. అవతల ఎవరో కారణం అడిగారు. కారణం రాసుకోకుండా రద్దు చెయ్యరట.

"మా ఆవిడకి నిజంగానే నొప్పిగా ఉందండి," అన్నాడు.

అవతలివాళ్ళకి అర్థం కానట్టుంది, మళ్ళీ అడిగారు. అతను మళ్ళీ అదే చెప్పాడు, ఈసారి భార్య ముఖంలోకి చూస్తూ.